పథ్యం పెట్టాల్సింది పిల్లలకు కాదు, ఇంటికి

పోయిన వారం జమ్మికుంట నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆమె కొడుక్కి నాలుగేళ్లు. చలి మొదలైనప్పటి నుంచి రాత్రిళ్లు ఆగని దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. చివరికి కరీంనగర్ తీసుకెళ్తే డాక్టర్ ఆస్తమా అని చెప్పి ఇన్‌హేలర్లు రాసిచ్చారు. మా పాపకు ఇదే జబ్బు ఉంది కాబట్టి నన్ను అడుగుతోంది. మొదటి ప్రశ్నే, "వదినా, వాడికి ఏమేం పెట్టొద్దు?"

అప్పటికే పెరుగు మాన్పించింది. అరటిపండు, జామపండు, కొబ్బరినీళ్లు, కుండలో నీళ్లు అన్నీ బంద్. బడి నుంచి వచ్చాక వాడకట్టు పిల్లలతో ఉరకనివ్వట్లేదు. నేను తిండి సంగతి పక్కన పెట్టి ఇంటి గురించి అడిగాను. రాత్రంతా మంచం కింద దోమల కాయిల్ కాలుతుందట. ముందర అర్రలో పత్తి కుప్ప ఉందట. రెండు పూటలా ఊదుబత్తీలు, శుక్రవారం గుగ్గిలం పొగ. వాళ్ల మామ గడప దగ్గర కూర్చుని బీడీ కాలుస్తాడు. వీటిలో ఒక్కటీ మారలేదు. మారింది పిల్లవాడి కంచం, వాడి ఆట.

మన దగ్గర ఉబ్బసం ఉన్న పిల్లవాడికి చుట్టాలు, పక్కింటివాళ్లు, అందరూ కలిసి పథ్యం పెడతారు, ఇంటికి మాత్రం ఎవరూ పెట్టరు. ఇది తలకిందుల వ్యవహారం అని నా గట్టి నమ్మకం. పథ్యం పెట్టాల్సింది ఇంటికి, ఇంట్లో పెద్దవాళ్ల అలవాట్లకి. పిల్లలు వీలైనంత వరకు అందరు పిల్లల్లాగే తినాలి, ఆడాలి.

కంచం మీదే కన్ను

ఎందుకిలా జరుగుతుందంటే, పిల్లల నోరు మన చేతిలో ఉంటుంది కాబట్టి. నాలుగేళ్ల వాడికి పెరుగు వద్దంటే ఒక పూట ఏడ్చి ఊరుకుంటాడు. మామను బీడీ మానేయమని కోడలు ఎట్లా అంటుంది? అత్తను గుగ్గిలం వేయొద్దని ఎట్లా అంటుంది? ఎవరికి ఎదురు చెప్పలేమో వాళ్ల అలవాట్లు అట్లనే ఉండిపోతాయి, ఎదురు చెప్పలేని చిన్నవాడి మీద ఆంక్షలన్నీ పడతాయి. చాలా ఇళ్లలో ఇదే చూశాను, బాగా చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా.

తిండికి అసలు సంబంధమే లేదని నేను అనట్లేదు. పాలకో, గుడ్డుకో, పల్లీలకో నిజంగా అలర్జీ ఉన్న పిల్లలు ఉంటారు, అది డాక్టర్ దగ్గర తేలితే మానాల్సిందే. కొందరికి ఐస్ లాంటి చల్లటివి తగిలితే దగ్గు వస్తుంది, వాళ్లకు వద్దు. కానీ ఎవరో చెప్పారని వరసపెట్టి మాన్పించుకుంటూ పోతే మిగిలేది బక్కచిక్కిన పిల్లవాడే. ఆస్తమాలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆ వాపు మీద పొగో, దుమ్మో, ఘాటో, జలుబో తగిలితే గొట్టాల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, లోపల తెమడ పేరుకుంటుంది, గాలి పోయే దారి సన్నబడుతుంది. అరటిపండు పోయేది కడుపులోకి. పొగ పోయేది నేరుగా ఆ వాచిన గొట్టాల్లోకి. పైగా చిన్నపిల్లలు తమ బరువుకు పెద్దవాళ్లకన్నా ఎక్కువ గాలి పీల్చుకుంటారు. మనకు మామూలుగా అనిపించే పొగ వాళ్లకు మామూలు కాదు.

ఆట మాన్పించడం ఇంకా అన్యాయం. జబ్బు అదుపులో ఉంటే పరిగెత్తొచ్చు, ఈత కొట్టొచ్చు. ఆడినప్పుడల్లా ఆయాసం వస్తోందంటే జబ్బు అదుపులో లేదని అర్థం, డాక్టర్‌ను కలవాల్సింది అప్పుడే.

చేప మందు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మృగశిర కార్తె వస్తుందనగానే మా ఇంట్లోనూ ఆ చర్చ మొదలవుతుంది. మన వైపు నుంచి నాంపల్లికి రైలెక్కి పోయేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. నమ్మకంతో పోయేవాళ్లను నేను ఆపను. కాకపోతే ఆ కొర్రమీను మింగించామని, పథ్యం పాటిస్తున్నామని రోజూ పీల్చే ఇన్‌హేలర్ ఆపేస్తేనే నాకు భయం. రెండు రకాల ఇన్‌హేలర్లుంటాయి. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే గొట్టాలు తెరిచేది ఒకటి, దగ్గు లేని రోజు కూడా వాడుతూ లోపలి వాపును తగ్గించేది ఇంకొకటి. దగ్గు తగ్గిందని మనవాళ్లు మానేసేది ఎప్పుడూ ఆ రెండోదాన్నే. ప్రపంచంలో ఉన్న ఆస్తమా రోగుల్లో మన దేశంవాళ్లు దాదాపు 13 శాతం ఉంటే, ఆస్తమాతో చనిపోయేవాళ్లలో 40 శాతానికి పైగా మనవాళ్లే అని అంచనాలు చెబుతున్నాయి. ఆ రెండో ఇన్‌హేలర్‌ను సరిగ్గా వాడకపోవడం దీనికి ఒక పెద్ద కారణం. ఇంటికి పథ్యం పెట్టమని నేనంటున్నది మందుకు తోడుగా, మందు బదులుగా కాదు.

ఇంట్లో పుట్టే పొగ

ముందు దోమల కాయిల్ సంగతి. చైనా, మలేసియా కాయిళ్ల మీద 2003లో ఒక అధ్యయనం వచ్చింది. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేంత ఉంటాయని అందులో లెక్కగట్టారు. పిల్లవాడి ముందు సిగరెట్ ముట్టిస్తే కోప్పడే ఇంట్లోనే తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద కాయిల్ పెట్టి, పిల్లవాణ్ని రాత్రంతా పడుకోబెడతారు.

దీనికి ఎదురుమాట ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. వానాకాలం వస్తే మన జిల్లాల్లో డెంగ్యూ భయం. ములుగు, భూపాలపల్లి అడవి దగ్గరి ఊళ్లలో మలేరియా భయం. దోమ కుడితే ఒక టెన్షన్, కాయిల్ పెడితే ఇంకో టెన్షన్. కానీ మన పెద్దవాళ్లు దోమతెర కట్టుకుని పడుకున్నవాళ్లే కదా! దోమతెర, కిటికీలకు జాలి, కూలర్ ట్యాంకులో నీళ్లు నిలవ ఉంచకపోవడం, సాయంత్రం అవకముందే తలుపులు వేయడం, ఇవన్నీ కలిస్తే కాయిల్ అవసరం చాలా వరకు పోతుంది. ప్లగ్గులో పెట్టే లిక్విడ్‌తో పొగ రాదు గానీ కొందరు పిల్లలకు ఆ వాసన కూడా పడదు, మా పాపకు పడదు. తెరను అప్పుడప్పుడు ఉతకడం మాత్రం మరవొద్దు, దుమ్మంతా దానికే పడుతుంది.

ఊదుబత్తీలు, గుగ్గిలం, మైసాచి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి మాట్లాడాలి. అది దేవుడి విషయం, అత్తమ్మల మనసు విషయం. చాలా ఇళ్లలో చంటిపిల్లలకు నీళ్లు పోశాక ఇప్పటికీ నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టిస్తారు, ప్రేమతోనే పట్టిస్తారు. మా అత్తమ్మతో నేను వాదించలేదు. పాపకు రోజూ రెండు పూటలా వాపు తగ్గించే ఇన్‌హేలర్ పీల్పించి, నోరు పుక్కిలింపజేసే పని ఆమెకే అప్పజెప్పాం, ఎందుకంటే పొద్దున నేను డ్యూటీకి పోతాను. పాప రాత్రి దగ్గిన రోజున గోడ మీది తిథుల క్యాలెండర్‌లో ఒక గీత పెట్టమని డాక్టర్ చెప్పారు. ఆమెకు చదువు రాదు, గీత పెట్టడం వచ్చు. కొన్నాళ్లకు ఆమే నన్ను పిలిచి క్యాలెండర్ చూపించింది. "శుక్రవారం, శుక్రవారం గీతలు ఎక్కువున్నయి బిడ్డా. నేను గుగ్గిలం ఏసేది శుక్రవారమే." ఆ నెలలో జలుబు కూడా ఉండొచ్చు, ఒక్క క్యాలెండర్‌తో ఏదీ రుజువైనట్టు కాదు, నాకు తెలుసు. కానీ ఆ మాట నేను అనకుండా ఆమె అనడంలో చాలా ఉంది. ఇప్పుడు లోపల దీపం, పూలు. ఊదుబత్తి బయట తులసి దగ్గర. బోనాల పండుగనాడు మైసాచి పొగ వేసేటప్పుడు పాప పైన మేడ మీద వాళ్ల నాన్నతో గాలిపటం ఎగరేస్తుంది. పండుగ తగ్గలేదు.

బీడీ, సిగరెట్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. బాల్కనీలోకి పోయి కాలుస్తున్నానని చెప్పే మా బావగారికి మాత్రం ఒకటి చెప్పాల్సి వచ్చింది. తలుపు జానెడు తెరిచి ఉంటే పొగ లోపలికే వస్తుంది, అంగీకి పట్టిన వాసనతోనే వచ్చి పాపను ఎత్తుకుంటే ఆ విషాలన్నీ దాని ముక్కు దగ్గరే ఉంటాయి.

ఇక మిర్చి. వరంగల్‌లో ఉండి మిర్చి గురించి మాట్లాడకుండా ఎట్లా? ఫిబ్రవరి నుంచి ఎనుమాముల మార్కెట్ దారిలో పోతుంటే మామూలు మనిషికే తుమ్ములు ఆగవు. ఆ రోజుల్లోనే ఇళ్లలో ఏడాది కారం పనులు. హాల్లో పాత చీర పరిచి, నలుగురు ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తుంటారు, పిల్లలు ఆ చుట్టూనే తిరుగుతుంటారు. ఆ పని మేడ మీదికి మార్చొచ్చు, గిర్నీలో పట్టించుకుని డబ్బాలో తెచ్చుకోవచ్చు, పిల్లవాడు బడికి పోయినప్పుడు జల్లెడ పట్టొచ్చు. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసుకోవాలి, ఘాటు లేచాక కాదు.

పరుపు, రగ్గు, కూలర్

పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాంతో పేచీ సులువు. పరుపులో ఉండే దుమ్ముపురుగు కంటికి కనిపించదు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని, తేమ ఉన్న చోట పెరుగుతుంది. చాలామంది పిల్లలకు పడనిది దాని రెట్ట. మన వైపు ఒక సౌకర్యం ఉంది, మే నెల ఎండ. పరుపులు, దిండ్లు, బొంతలు మేడ మీద ఆ ఎండకు వేస్తే పురుగు చస్తుంది. కానీ రెట్ట ఎండకు పోదు, బాగా దులపాలి, దులిపేటప్పుడు పిల్లవాడు దగ్గర ఉండకూడదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 55 నుంచి 60 డిగ్రీల వేడిలో ఉతకాలి. పాత దూది దిండు పారేసి, ఉతకడానికి వీలైన దిండు కొనడం మేలు.

చలికాలం మొదట్లో పిల్లలకు ఎక్కువవడానికి చలే కారణమని అందరూ అంటారు. చలిగాలి ఒక కారణమే. ఇంకొకటి ఏడాదంతా బీరువాలో, సజ్జ మీద మూటగట్టిన రగ్గులు, స్వెట్టర్లు. వాటిని దింపి, కలరా ఉండల వాసనతో సహా ఆ రాత్రే పిల్లవాడికి కప్పుతాం. దసరా ఎండల్లోనే దింపి ఉతికి పెట్టుకుంటే సరిపోతుంది.

ఎండాకాలం కూలర్ కూడా అంతే. పోయినేటి గడ్డి ప్యాడ్లు, అడుగున పాకుడు పట్టిన ట్యాంకు. ముక్కిన వాసన వస్తోందంటే అందులో బూజు ఉన్నట్టే, ఫ్యాన్ దాన్ని గదంతా చిమ్ముతుంది. ఏటా ప్యాడ్లు మార్చాలి, కిటికీ తీసి నడపాలి, లేకపోతే గదిలో తేమ పెరిగి దుమ్ముపురుగుకే మేలు చేసినట్టవుతుంది.

గోడల నిమ్ము సంగతి అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకే తెలుస్తుంది. హనుమకొండలో మేం ఇంతకు ముందున్న ఇంట్లో బాత్రూం పక్క గోడ వానాకాలమంతా నల్లబడి ఉండేది. ఓనర్ వచ్చి చూసి, పెయింటు వేయిస్తానన్నాడు. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూడకుండా పెయింటు వేస్తే నెలకే మళ్లీ పొంగుతుంది, పైగా ఆ పెయింటు వాసన పిల్లలకు ఇంకో బాధ. చివరికి ఇల్లే మారాం. అందరూ మారలేరు. కనీసం మంచాన్ని ఆ గోడకు దూరం జరపొచ్చు, పిల్లవాడు పడుకునే గది మార్చొచ్చు.

ఇదంతా చేస్తే నిజంగా తగ్గుతుందా?

ఇది నాకు చాలాకాలం ఉన్న అనుమానం. పరుపుకు ప్రత్యేకమైన కవరు తొడగడం లాంటి ఒక్క పని చేస్తే పెద్దగా తేడా ఉండదని 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసేది) తేల్చింది. అది చదివినప్పుడు ఇంత శ్రమ ఎందుకు అనిపించింది. కానీ 2004లో అమెరికాలోని ఏడు నగరాల్లో 937 మంది ఆస్తమా పిల్లల మీద జరిగిన అధ్యయనం ఇంకో సంగతి చెబుతుంది. అక్కడ ఏ పిల్లవాడికి ఏది పడదో ముందు పరీక్ష చేసి, ఆ ఇంట్లో దానికి తగ్గట్టు పరుపు, పొగ, బొద్దింకలు, బూజు అన్నింటి మీదా ఒకేసారి పనిచేశారు. ఆయాసం ఉన్న రోజులు రెండు వారాలకు దాదాపు 0.8 రోజు తగ్గాయి. చూడ్డానికి చిన్న సంఖ్యే. ఏడాదికి లెక్కేస్తే ఇరవై రోజుల పైనే. అన్ని రాత్రులు పిల్ల నిద్రపోవడం ఏ తల్లికైనా చిన్న విషయం కాదు. 2017లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో, దుమ్ముపురుగు పడని పిల్లలకు మంచి పరుపు కవర్లు వాడితే, ఆ ఏడాదిలో ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి పోవాల్సి వచ్చినవాళ్లు 29 శాతం, మామూలు కవర్లవాళ్లలో 41.5 శాతం.

వీటన్నిట్లోంచి నాకు అర్థమైంది ఇది. ఒక వస్తువు కొనుక్కొచ్చి పెడితే ఇల్లు మారదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొని, దాని పక్కనే కాయిల్ వెలిగించే ఇల్లు నేను చూశాను. మన పిల్లవాడికి ఏది పడదో తెలుసుకోవాలి, ఆ తర్వాత ఇంట్లో అందరూ తలా ఒకటి వదులుకోవాలి.

పత్తి ఉన్న ఇల్లు

అందరూ వదులుకోవాలి అని రాయడం తేలికే. మా ఆడపడుచు వాళ్లకు ఉన్నవి రెండు అర్రలు. పత్తి ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు? సర్కారు పత్తి కొనే సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే కొననే కొనరు. ఆరబెట్టి, రేటు కోసం ఎదురుచూస్తూ, వానకు తడవకుండా, దొంగలు పడకుండా ఇంట్లోనే కుప్ప పోస్తారు. పిల్లలకు ఆ కుప్ప మీద దుంకడం ఆట. ఆ నూగు గాల్లో లేస్తూనే ఉంటుంది. ఆ పత్తి వాళ్ల ఏడాది కష్టం, దాన్ని బయట పారేయమని ఎవరు చెప్పగలరు?

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చేసే ఆడవాళ్ల ఇళ్లలోనూ ఇదే. తంబాకు చాట ఒళ్లో ఉండగానే పిల్లవాడికి అన్నం తినిపిస్తారు. ఆ బీడీల కూలితోనే పిల్లవాడి మందులు వస్తాయి. వాళ్లకు ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు. కానీ చేయగలిగేది ఏదో ఒకటి ఉంటుందని నమ్ముతాను. పత్తి ఉన్న అర్రలో పిల్లవాడు పడుకోకూడదు, కుప్ప మీద టార్పాలిన్ కప్పాలి, మధ్య తలుపు వేసి కింద సందుకు గుడ్డ పెట్టాలి. బీడీలు వాకిట్లో చేసుకుని, తంబాకు మూట పడుకునే గదిలో పెట్టకుండా, చేతులు కడిగి చీర మార్చుకుని పిల్లవాణ్ని ఎత్తుకోవాలి. ఊరికో గోదాము, పత్తి వేసుకోవడానికి ఒక షెడ్డు ఉంటే ఈ మాటలతో పనే ఉండదు. అది సర్కారు చేయాల్సిన పని, పిల్లల ఊపిరి కోసం కూడా అడగాల్సిన పని.

బయట రైస్ మిల్లుల ఊక దుమ్ము ఉంది, కోతలయ్యాక కాలబెట్టే వరిగడ్డి పొగ ఉంది. బయటిది మన చేతిలో లేనప్పుడు ఇంట్లో ఏం చేసి ఏం లాభం అంటారు. బయట అంత ఉంది కాబట్టే రాత్రిపూట కనీసం ఎనిమిది గంటల పాటైనా ఆ ఊపిరి గొట్టాలకు విశ్రాంతి దొరకాలి అంటాను నేను.

ఊడ్చేది ఎవరు

మా పాపను మొదట చూపించిన డాక్టర్ అన్నీ వివరంగా చెప్పి, చివర్లో నా వైపు చూసి, "ఇల్లు నీట్‌గా ఉంచుకోవాలమ్మా" అన్నారు. మా ఆయన పక్క కుర్చీలోనే ఉన్నారు. ఇంటికి పథ్యం అన్నది ఇట్లా అమ్మ మెడకు చుట్టుకుంటుంది. పిల్లకు ఆయాసం వస్తే అమ్మ సరిగ్గా ఊడ్వలేదని అర్థమా?

నిజానికి పొడి చీపురుతో ఎంత ఊడిస్తే అంత దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడవడమే మంచిది, అదీ పిల్లవాడు ఇంట్లో లేనప్పుడు. బూజు దులపడం, ఫ్యాన్ రెక్కలు తుడవడం, పరుపులు మేడ మీదికి మోయడం మా ఇంట్లో మా ఆయన పని. శుభ్రం పేరుతో ఘాటైన ఫినాయిల్, యాసిడ్ కుమ్మరించడం కూడా పిల్లలకు చేటే. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది, అది అందరికీ ప్రమాదం. బొద్దింకలకు స్ప్రే బదులు మూలల్లో పెట్టే జెల్ వాడండి, రాత్రి అంట్లు సింకులో వదలకండి.

ఆయాసం వచ్చిన రాత్రి

ఎన్ని చేసినా ఒక రాత్రి వస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరుంటే వాళ్లకు తెలిసి ఉండాలి. ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం లాంటి స్పేసర్, మాస్కు ఒకే సంచిలో, అందరికీ తెలిసిన చోట పెట్టండి. ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి, తగ్గకపోతే ఏం చేయాలి, అన్నీ డాక్టర్ చేత తెలుగులో రాయించుకోండి, చదవలేనివాళ్లకు చేసి చూపించండి. మామూలు ఆయాసానికి స్పేసర్‌తో ఇచ్చే ఇన్‌హేలర్, మందును ఆవిరిలా పట్టించే నెబ్యులైజర్ మిషన్ అంత బాగా పనిచేస్తుంది, మిషన్ లేదని కంగారు పడక్కర్లేదు. డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, మాట పూర్తిగా అనలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మందు ఇచ్చినా తగ్గకపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా పిల్లవాణ్ని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి మందు ఇస్తూ ఉండండి.

ఇంకొకటి. ఇన్‌హేలర్ డబ్బా ఊపి చూసి మందుందో లేదో చెప్పలేం. మందు అయిపోయాక కూడా నొక్కితే చప్పుడు చేస్తూ గ్యాస్ వస్తుంది. డోసుల లెక్క చూపించే కౌంటర్ లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి, ఇంట్లో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంచుకోండి.